పీసీఓఎస్‌కి పుదీనా టీ.. పనిచేస్తుందా, చెయ్యదా?

రాత్రి 11 దాటింది. నిద్ర రాక ఫోన్ తిప్పుతుంటే ఒక రీల్ వచ్చింది. ‘‘మూడు నెలల్లో నా పీసీఓఎస్ మాయం! మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేశా’’ అంటోంది ఒకమ్మాయి. ఓ చేతిలో పుదీనా టీ, ఇంకో చేతిలో పచ్చటి పొడి డబ్బా. కిందే కొనుక్కునే లింకు. ఇక్కడ మీకేమో రెండు నెలలుగా పీరియడ్స్ లేవు. గడ్డం కింద మొండి వెంట్రుకలు. మొన్న పెళ్లిలో ఓ పిన్నిగారు ‘‘ఏంటమ్మా, బాగా లావయ్యావు’’ అని అందరిముందూ అనేశారు. డాక్టర్ రాసిన మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేస్తోంది. ఇక ఆ లింకు మీద వేలు పడకుండా ఉంటుందా?

ఆ వేలు పడేముందు ఓ పది నిమిషాలు ఇది చదవండి. ‘అవన్నీ ఉత్తవే’ అని కొట్టిపారేయడానికి కాదు. మొక్కల్లోంచి హార్మోన్ల మందులు వచ్చాయన్నది నిజం. మీరు చెత్తబుట్టలో వేద్దామనుకుంటున్న ఆ మాత్ర కూడా ఓ మొక్క మూలంగా పుట్టిందే! అసలు చూడాల్సింది మూడు విషయాలు.. ఏ మొక్క, ఎంత మోతాదు, ఎవరి ఒంటికి?

ముందు ఒంట్లో ఏం జరుగుతోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో 10 నుంచి 13 శాతం మందికి పీసీఓఎస్ ఉంటుంది. వాళ్లలో 70 శాతం దాకా తమకి ఉన్నట్టే తెలియదు. కాబట్టి మీరొక్కరే కాదు. మీ క్లాసులోనో, ఆఫీసులోనో చుట్టూ చూస్తే ఇంకో ముగ్గురు నలుగురు ఉంటారు, చెప్పుకోరంతే.

మనం ‘నీటిబుడగలు’ అంటాం కదా, అవి నిజానికి బుడగలూ కావు, గడ్డలూ కావు. ప్రతినెలా ఒక అండం పెరిగి విడుదల కావాలి. పీసీఓఎస్‌లో చిన్నచిన్న అండాశయ సంచులు సగం దాకా పెరిగి ఆగిపోతాయి. స్కాన్‌లో కనిపించేవి అవే. అవి ఎందుకు ఆగిపోతాయి? చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు. అందుకని ఒళ్లు ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని పురమాయించి ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, ఎక్కువగా చేయిస్తుంది. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, తల మీద జుట్టు పలచబడటం.. అన్నీ దాని పనే. అండం విడుదల కాకపోతే పీరియడ్ కూడా వెనక్కి పోతుంది.

ఒక్క స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. పీరియడ్స్ క్రమం తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కాన్‌లోనో ఏఎంహెచ్ అనే రక్తపరీక్షలోనో తేడా.. ఈ మూడింటిలో రెండు ఉండాలి. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటివి కారణం కాదని పరీక్ష చేశాకే. టీనేజీలోనైతే స్కాన్‌ని అసలు లెక్కలోకే తీసుకోరు. ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనిపిస్తాయి మరి.

మెట్‌ఫార్మిన్ పుట్టిల్లు ఓ కలుపుమొక్క

కడుపులో తిప్పుతోందన్న ఆ మాత్ర బహుశా మెట్‌ఫార్మిన్. దాని కథ వింటే ఆశ్చర్యపోతారు. ఐరోపాలో గలేగా అఫిసినాలిస్ అనే ఊదారంగు పూల మొక్క ఉంది. అతిమూత్రానికి, అంటే ఇప్పుడు మనం షుగర్ అనుకునే లక్షణాలకి, అక్కడి పాతకాలం వైద్యులు దాన్ని వాడేవారు. అందులో గలేజిన్ అనే పదార్థం ఉంది. చక్కెర తగ్గించే మాట నిజమే. కానీ విషం. ఆ మొక్క ఎక్కువగా మేస్తే గొర్రెలు చచ్చిపోతాయి. 1920లలో గలేజిన్‌ని మనుషుల మీద కూడా వాడి చూశారు. తట్టుకోవడం కష్టమైంది.

అప్పుడు రసాయన శాస్త్రవేత్తలు అదే కుటుంబంలో మెత్తటి చుట్టాన్ని వెతికారు. 1922లో డబ్లిన్‌లో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ మెట్‌ఫార్మిన్‌ని తయారుచేశారు. 1957లో ఫ్రాన్స్‌లో జ్యాఁ స్టెర్న్ అనే డాక్టర్ దాన్ని షుగర్ రోగుల మీద వాడి ఫలితాలు ప్రచురించారు. అమెరికా మార్కెట్లోకి రావడానికి 1995 అయింది. అంటే మొక్క నుంచి మాత్ర దాకా 70 ఏళ్లు పైనే!

ఆ 70 ఏళ్లలో జరిగింది ఏంటంటే.. విషాన్ని పక్కన పెట్టి మేలు చేసే రూపాన్ని పట్టుకోవడం, ఎన్ని మిల్లీగ్రాములో తేల్చడం, ఎవరికి పడదో కనిపెట్టడం. ‘సహజం’ అన్న మాటకీ ‘సురక్షితం’ అన్న మాటకీ మధ్య ఉన్న దూరం అదే.

పండక్కి వేసుకునే మాత్ర దుంపలోంచి వచ్చింది

ఇంకో కథ మన ఇళ్లకి బాగా దగ్గర. ఇంట్లో వ్రతమో, తిరుపతి ప్రయాణమో ఉంటే పీరియడ్ వాయిదా వేసుకోవడానికి మందులషాపులో అడిగి తెచ్చుకునే మాత్ర తెలుసు కదా? అందులో ఉండేది నోర్‌ఎథిస్టెరాన్. 1940లలో రసెల్ మార్కర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మెక్సికో అడవుల్లో ఒక తీగదుంప కోసం తిరిగాడు. మన పెండలం దుంపకి అది చుట్టమే. అందులో డయోస్‌జెనిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో కొన్ని మెట్లలో మార్చి ప్రొజెస్టెరాన్ హార్మోన్ చేశాడు. అప్పటిదాకా బంగారం లాంటి ధర ఉన్న హార్మోన్‌ని ఒక్క విడతలో దాదాపు 3 కిలోలు తయారుచేసి చూపించాడు. 1944లో సింటెక్స్ అనే కంపెనీ మెక్సికోలో మొదలైంది. అక్కడే 1951లో లూయీస్ మిరామోంటెస్, కార్ల్ జెరాసి, జార్జ్ రోసెన్‌క్రాంజ్ బృందం నోర్‌ఎథిస్టెరాన్‌ని తయారుచేసింది. గర్భనిరోధక మాత్రల చరిత్రలో అదో పెద్ద మలుపు.

ఈ కథని అడ్డం పెట్టుకుని ‘వైల్డ్ యామ్’ క్రీములు అమ్ముతున్నారు. రాసుకుంటే ప్రొజెస్టెరాన్ పెరుగుతుందట! పెరగదు. డయోస్‌జెనిన్‌ని హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. ఆ పని ల్యాబ్‌లో యాసిడ్లు, ఇతర రసాయనాలు చేస్తాయి. మెంతుల్లోనూ డయోస్‌జెనిన్ ఉంటుంది. అంతమాత్రాన మెంతులు నానబెట్టుకుని తాగితే ఒంట్లో ప్రొజెస్టెరాన్ పుట్టదు.

ఇక పుదీనా సంగతి

రీల్స్‌లో చెప్పే పుదీనా మాట గాల్లోంచి పుట్టింది కాదు. 2007లో టర్కీలో 21 మంది ఆడవాళ్లకి, ముఖం మీద వెంట్రుకలతో బాధపడుతున్నవాళ్లకి, స్పియర్‌మింట్ టీ రోజుకి రెండుసార్లు చొప్పున 5 రోజులు ఇచ్చి చూశారు. రక్తంలో ఫ్రీ టెస్టోస్టెరాన్ తగ్గింది. 2010లో బ్రిటన్‌లో 41 మంది మీద ఇంకాస్త గట్టిగా, 30 రోజులు పరీక్షించారు. కొందరికి స్పియర్‌మింట్, కొందరికి వేరే హెర్బల్ టీ. ఇందులోనూ టెస్టోస్టెరాన్ తగ్గింది. ‘మాకు కాస్త నయంగా ఉంది’ అని వాళ్లూ చెప్పారు.

కానీ డాక్టర్లు వెంట్రుకల్ని కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో వింతేం లేదు. వెంట్రుక పెరిగి రాలడానికే నెలలు పడుతుంది. 30 రోజుల్లో తేలే విషయం కాదది. అంటే ఇప్పటికి తెలిసింది ఇంతే.. రిపోర్టులో అంకె కాస్త మారుతుంది, అద్దంలో మార్పు ఇంకా నిరూపణ కాలేదు. పీరియడ్స్ క్రమంలో పడతాయని ఈ పరీక్షలు చెప్పలేదు. ‘మూడు నెలల్లో మాయం’ అనేది మాత్రం పూర్తిగా రీల్ చేసినవాళ్ల సొంత కల్పన.

పుదీనా టీ ఇష్టమా? రోజుకి రెండు కప్పులు హాయిగా తాగండి. అందులో రెండు చెంచాల పంచదార బదులు ఏమీ వెయ్యకపోతే, బహుశా ఆ పంచదార మానడమే ఎక్కువ మేలు చేస్తుంది!

మెంతులు: ఒక చెంచాకీ 100 గ్రాములకీ తేడా

మెంతుల మీద పేరున్న పరిశోధన మన హైదరాబాద్‌లోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. 1990లో అచ్చయిన ఒక అధ్యయనంలో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకి కొవ్వు తీసిన మెంతిపిండిని మధ్యాహ్నం, రాత్రి భోజనంలో కలిపి 10 రోజులు పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. బ్రహ్మాండం కదా? మోతాదు చూడండి మరి.. రోజుకి 100 గ్రాములు!

మనం రాత్రి నానబెట్టుకునే చెంచాడు మెంతులు 4, 5 గ్రాములకి మించవు. మెంతుల్లో ఉండే జిగురు లాంటి పీచు పేగుల్లో చక్కెర నెమ్మదిగా ఎక్కేలా చేస్తుంది. అది మంచిదే. ఇన్సులిన్ మీద భారం కాస్త తగ్గుతుంది. కానీ చెంచాడు మెంతులు మందు కాదు, మంచి తిండిలో ఒక భాగం. మెంతికూర పప్పు తిన్నంత నిశ్చింతగా తినండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం గుప్పెళ్లకి గుప్పెళ్లు మొదలుపెట్టకండి. చక్కెర మరీ పడిపోవచ్చు.

ఇనోసిటాల్: అబద్ధమూ కాదు, అద్భుతమూ కాదు

పీసీఓఎస్ సప్లిమెంట్లలో ఎక్కువగా అమ్ముడయ్యేవాటిలో ఇదొకటి. పప్పులు, శనగలు, ముడిధాన్యాల తవుడులో ఉంటుంది. మన ఒళ్లు కూడా సొంతంగా తయారుచేసుకుంటుంది. ఇన్సులిన్ చెప్పిన మాట కణం లోపలికి చేరవేయడంలో దీని చెయ్యి ఉంది. పరీక్షల్లో ఎక్కువగా వాడిన మోతాదు మయో-ఇనోసిటాల్ రోజుకి 4 గ్రాములు.

పీసీఓఎస్ చికిత్స మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏమన్నాయంటే.. హాని తక్కువ కాబట్టి కోరుకున్నవాళ్లు వాడి చూడొచ్చు, కానీ అండం విడుదల, వెంట్రుకలు, బరువు విషయంలో కనిపించిన లాభం పరిమితమే. వెంట్రుకలకీ, పొట్ట దగ్గరి కొవ్వుకీ అయితే దీనికంటే మెట్‌ఫార్మినే మెరుగు. కడుపులో ఇబ్బందులు మాత్రం మెట్‌ఫార్మిన్‌తోనే ఎక్కువ. కాబట్టి ఇది ఎంచుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం. నెలకి వెయ్యీ రెండు వేలూ పెట్టేముందు ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు, కూరగాయలు, ఒక జత వాకింగ్ షూస్ వస్తాయని గుర్తుపెట్టుకోండి.

మానుపసుపు: అసలైన మందు, అందుకే భయం

2023లో టిక్‌టాక్‌లో ‘ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్’ అని ఊగిపోయారే, ఆ బెర్బెరిన్ మానుపసుపులో ఉంటుంది. ఇది నిజంగానే బలమైన పదార్థం. 2008లో చైనాలో కొత్తగా షుగర్ వచ్చిన 36 మంది మీద 3 నెలలు పరీక్షిస్తే చక్కెర తగ్గించడంలో మెట్‌ఫార్మిన్‌కి దగ్గరగా పనిచేసింది.

మరి పీసీఓఎస్‌లో? పిల్లలు కావాలనుకుంటున్న 644 మంది ఆడవాళ్ల మీద చైనాలోనే పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2016లో వచ్చాయి. కొందరికి లెట్రొజోల్ అనే మాత్ర, కొందరికి బెర్బెరిన్, కొందరికి రెండూ ఇచ్చారు. లెట్రొజోల్ వాడినవాళ్లలో 36 శాతం మందికి బిడ్డ పుట్టింది. బెర్బెరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 22 శాతం మందికే. రెండూ కలిపితే 34 శాతం, అంటే కలపడం వల్ల ఒరిగిందేం లేదు. పిల్లల కోసం ఎదురుచూస్తున్న జంటకి ఆ 36కీ 22కీ మధ్య తేడా చిన్నది కాదు. ‘ముందు ఆరునెలలు నేచురల్‌గా చూద్దాం’ అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేసేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

పైగా బెర్బెరిన్ వేరే మందులు ఒంట్లో కరిగే తీరుని మార్చేస్తుంది. గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. పుట్టబోయే బిడ్డకి కామెర్లు ముదిరి మెదడుకి హాని జరిగే ప్రమాదం ఉంది.

అతిమధురం, అశ్వగంధ: తెలిసిన పేర్లే, తెలియని లెక్కలు

ఇటలీలో 9 మంది ఆరోగ్యవంతులైన అమ్మాయిలకి రోజుకి 3.5 గ్రాముల అతిమధురం రెండు నెలసరుల పాటు ఇస్తే టెస్టోస్టెరాన్ తగ్గింది. 9 మంది అంటే ఒక ఆటోలో ఎక్కించే జనం! పైగా అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పొచ్చు. గొంతు గరగరకి చిన్న ముక్క చప్పరించడం వేరు, నెలల తరబడి పొడి మింగడం వేరు.

అశ్వగంధ అయితే థైరాయిడ్ హార్మోన్లని పెంచుతుంది. థైరాయిడ్ కాస్త తక్కువగా ఉన్న 50 మంది మీద 8 వారాలు చేసిన పరీక్షలో ఇది కనిపించింది. వినడానికి బాగానే ఉంది. కానీ మీరు ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే? రెండూ కలిసి హార్మోన్ హద్దు దాటితే గుండె దడ, చేతులు వణకడం, నిద్రలేమి. కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించింది. గర్భిణులు దీనికీ దూరంగా ఉండాలి.

గింజలు, మీల్‌మేకర్

‘సీడ్ సైక్లింగ్’ ఇప్పుడు ఫ్యాషన్. నెలసరి మొదటి 14 రోజులు అవిసె, గుమ్మడి గింజలు. తర్వాత 14 రోజులు నువ్వులు, పొద్దుతిరుగుడు. అసలు 28 రోజుల నెలసరే లేనివాళ్లకి 14వ రోజు ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ తిప్పుడు వెనక గట్టి ఆధారం లేదు. అలాగని గింజలు చెడ్డవి కావు. పెద్దమనిషి అయిన అమ్మాయికి నువ్వుల చిమ్మిలి పెట్టడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. మంచి కొవ్వు, పీచు, కాల్షియం దొరుకుతాయి. ఏ రోజైనా తినొచ్చు, క్యాలెండర్ అక్కర్లేదు. బెల్లం మాత్రం చూసి వేసుకోండి.

మీల్‌మేకర్, అంటే సోయా, తింటే ‘ఈస్ట్రోజెన్ పెరిగిపోతుంది’ అనే భయం కూడా చాలామందికి ఉంది. సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌లా కనిపించినా పనిలో చాలా బలహీనం. వారానికి రెండుసార్లు కూర వండుకుంటే ఏమీ కాదు. అయితే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సోయా, కాఫీ, ఐరన్, కాల్షియం.. ఇవన్నీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వవు. పొద్దున్నే పరగడుపున మాత్ర, తర్వాత కనీసం అరగంట, గంట ఆగి టిఫిన్. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం.

డబ్బా మీద రాయనిది

2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తుల్ని కొని పరీక్షించారు. దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. ఐదు డబ్బాలు కొంటే ఒకదాంట్లో ఉన్నట్టు! ‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అని రాసుందంటే అర్థం రెండే.. అది పనిచెయ్యకపోవాలి, లేదా వాళ్లు మీకు చెప్పకపోవాలి.

మందు మానేస్తే ఏమవుతుంది?

అసలు ప్రమాదం పుదీనా టీలో లేదు. ‘ఇది తాగుతున్నా కదా, ఇక డాక్టర్ ఎందుకు’ అనుకోవడంలో ఉంది. పీరియడ్ రాకపోతే హాయిగా ఉందనిపించొచ్చు. కానీ గర్భాశయం లోపలి పొర ఈస్ట్రోజెన్ ప్రభావంతో మందం అవుతూనే ఉంటుంది. దాన్ని కిందికి దించే ప్రొజెస్టెరాన్ తయారుకాదు. ఇలా ఏళ్లు గడిస్తే విపరీతమైన బ్లీడింగ్, ఇంకా ముందుకెళితే గర్భాశయ పొర క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. చిన్నవయసులో ఆ ముప్పు తక్కువే అయినా, 90 రోజులు దాటి పీరియడ్ రాకపోతే డాక్టర్‌ని కలవాల్సిందే.

ఇంకో మాట. పీసీఓఎస్ ఉంటే గర్భం రాదని కాదు. అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేం, అంతే. ‘నాకు మామూలే’ అనుకుని నెలలు గడిపేసి, ఆ లోపల బెర్బెరినో అశ్వగంధో మింగుతూ ఉంటే? పెళ్లయినా కాకపోయినా, అవకాశం ఉందనుకుంటే ముందు 50, 60 రూపాయల కిట్‌తో పరీక్ష చేసుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదిది.

మరి రేపు పొద్దున ఏం చెయ్యాలి?

* మెట్‌ఫార్మిన్‌తో కడుపులో తిప్పుతుంటే మీ అంతట మీరు మానెయ్యకండి. డాక్టర్‌కి చెప్పండి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచడం, తిన్నాక వేసుకోవడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడం.. ఇలాంటి దారులున్నాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 కూడా చూపించుకోవాలి.

* మీరు వాడే పొడి, టీ, క్యాప్సూల్.. ప్రతి డబ్బా వెనకవైపు ఫోన్‌లో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. తిడతారని దాచకండి. దాస్తేనే ప్రమాదం.

* పీరియడ్ తేదీలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ‘అప్పుడెప్పుడో వచ్చింది’ అనడం కంటే తేదీ చెబితే చికిత్స సులువవుతుంది.

* బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో పీరియడ్స్ దారిన పడతాయి. 70 కిలోలుంటే మూడున్నర కిలోల నుంచే మొదలు. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లకి కూడా వారానికి 150 నిమిషాల నడక మేలే.

* కంచంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి. ఇన్సులిన్‌కి అంతకంటే సాయం లేదు.

ఇక ఆ రీల్ సంగతి. పుదీనా టీ చేసుకోండి, తాగండి. కానీ ఆ లింకు నొక్కబోయిన వేలితోనే ఓ డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యండి. చెత్తబుట్టలో వెయ్యాల్సింది మాత్రల్ని కాదు, పెళ్లిలో పిన్నిగారు అన్న ఆ మాటని!